ఒకే ఆటను రెండుసార్లు ఆడించడం: గేమ్ బెంచ్‌మార్కుల ఆటోమేషన్‌లో అసలు చిక్కు

డూమ్ ఆటను కమాండ్ లైన్ నుంచి టైమ్‌డెమో అనే మాట చేర్చి, డెమో3 పేరు ఇచ్చి నడిపితే ఎవరూ కీబోర్డు ముట్టుకోకుండానే ఆట మొదలవుతుంది. కథానాయకుడు గదుల్లో పరుగెత్తుతాడు, తుపాకీ కాలుస్తాడు, తలుపులు తెరుస్తాడు. చివరికి ఆట మూసుకుపోయి నల్లటి తెర మీద ఒక్క వాక్యం మిగులుతుంది: 2134 గేమ్‌టిక్‌లు (ఆట లోపలి అడుగులు) ఇన్ని రియల్‌టిక్‌లలో (గడియారం మీద గడిచిన కాలం) పూర్తయ్యాయి అని. తమాషా ఏమిటంటే ఆ ఫలితాన్ని ఆట ఎర్రర్ సందేశంగా ప్రకటిస్తుంది. ఆటను ఆపేసి, ఒక మాట చెప్పి, అప్పటి ఆపరేటింగ్ సిస్టమ్ అయిన డాస్‌కు వెళ్లిపోయే ఫంక్షన్ ప్రోగ్రాములో అప్పటికే ఉంది మరి. టిక్ అంటే సెకనులో 35వ వంతు. 2134ను 35తో గుణించి, వచ్చిన దాన్ని రియల్‌టిక్‌ల సంఖ్యతో భాగిస్తే ఆ కంప్యూటర్ సెకనుకు ఎన్ని ఫ్రేములు, అంటే తెర బొమ్మలు, గీసిందో తేలుతుంది. 1993 డిసెంబరులో వచ్చిన ఆట ఇది. 486 ప్రాసెసర్ ఉన్న పాత యంత్రాలను ముచ్చటగా దాచుకునేవారు ఈనాటికీ వాటిని ఈ లెక్కతోనే తూచుకుంటారు.

ఈ లెక్కలో అందరి చూపూ రియల్‌టిక్‌ల మీద పడుతుంది. గమనించాల్సింది 2134ను. యంత్రం ఏదైనా, ఎప్పుడు నడిపినా ఆ అంకె మారదు. అంటే ప్రతిసారీ అక్షరాలా అదే ఆట జరిగిందన్నమాట. గేమ్ బెంచ్‌మార్కును, అంటే ఆటతో యంత్రం వేగాన్ని కొలిచే పరీక్షను, ఆటోమేట్ చేయడం అనగానే మనిషికి బదులు మీటలు నొక్కే స్క్రిప్టు గుర్తుకొస్తుంది. పనిలో అది చిన్న వాటా. ఒకే ఆటను రెండుసార్లు ఆడించగలగడం పెద్ద వాటా. రెండుసార్ల మధ్య తేడా కనిపిస్తే అది ఆట కోడ్‌దా, యంత్రానిదా, గదిలో వేడిదా అని తేల్చడం అంతకన్నా పెద్ద పని.

డూమ్ దీన్ని ఎలా సాధించిందో చూస్తే తర్వాతి ముప్పై ఏళ్ల తంటాలు సగం అర్థమవుతాయి. ఆ ఆటలో డెమో అంటే వీడియో కాదు. ఒక్కో టిక్‌కు నాలుగు బైట్లు: ముందుకో వెనక్కో ఎంత కదిలాడు, పక్కకు ఎంత జరిగాడు, ఎటు తిరిగాడు, ఏ మీట నొక్కాడు. అంతే. నిమిషం ఆట 8400 బైట్లలో ఇమిడిపోతుంది. రాక్షసులు ఎక్కడున్నారు, గుండు ఎవరికి తగిలింది వంటివేవీ ఫైలులో ఉండవు. వాటిని ఆటే మొదటి నుంచి మళ్లీ లెక్కగట్టుకుంటుంది. మరి పాచిక పడినట్టు జరిగే సంఘటనల మాటేమిటి? డూమ్‌లో పాచిక పేరుకే. 256 అంకెల పట్టిక ఒకటి ప్రోగ్రాములోనే రాసి ఉంటుంది. అవసరం పడినప్పుడల్లా అందులోంచి తర్వాతి అంకె తీసుకుంటుంది. పట్టిక ఒక్కటే, దాని మీద నడిచే వేళ్లు మాత్రం రెండు. దెబ్బ ఎంత గట్టిగా తగిలింది, రాక్షసుడు ఎటు కదిలాడు వంటి ఆట వ్యవహారాలకు ఒక వేలు. తెర కింద కనిపించే ముఖం ఎటు చూస్తోంది, ఒక దృశ్యం కరిగి ఇంకొకటి ఎలా వస్తుంది వంటి అలంకారాలకు మరో వేలు. అలంకారం కోసం ఒక అంకె ఎక్కువ ఖర్చయినా ఆట దారి తప్పదు. దశాంశ లెక్కలు కూడా పూర్ణసంఖ్యల్లోనే చేసుకుంటుంది కాబట్టి ప్రాసెసర్ మారినా చివరి అంకెలో తేడా రాదు.

ఇంత కట్టుదిట్టానికి మూల్యం ఉంది. ఆట నియమాల్లో ఎక్కడైనా చిన్న మార్పు చేస్తే పాత డెమో చెల్లని నాణెం అవుతుంది. ఒక రాక్షసుడు ఒక్క టిక్ ఆలస్యంగా చచ్చాడనుకుందాం. పట్టికలో అంకెల వరుస జరుగుతుంది, ఆ తర్వాత అన్నీ జరుగుతాయి. రికార్డయిన చేతులు మాత్రం పాత ఆటనే ఆడుతుంటాయి. అర నిమిషంలో కథానాయకుడు గోడను ఢీకొంటూ, ఎవరూ లేని మూలకు గుళ్లు కురిపిస్తూ కనిపిస్తాడు. చూడటానికి నవ్వొస్తుంది గానీ, ఏ మనిషీ చూడకుండా రాత్రంతా నడిచే పరీక్షలో ఇదే జరిగితే తెల్లారేసరికి చక్కటి అంకె ఒకటి సిద్ధంగా ఉంటుంది. గోడ ముందు నిలబడి గీసిన ఫ్రేములు ఎప్పుడూ వేగంగానే వస్తాయి.

1996లో డూమ్ తయారుచేసిన ఐడీ సాఫ్ట్‌వేర్ నుంచే వచ్చిన క్వేక్ ఇంకో దారి పట్టింది. దాని డెమోలో ఉండేది సర్వర్ నుంచి ఆటగాడి కంప్యూటర్‌కు వచ్చిన సందేశాలు: ఫలానా రాక్షసుడు ఫలానా చోట ఉన్నాడు, ఫలానా తలుపు తెరుచుకుంది అని. డూమ్ ఆటగాడి చేతులను దాచుకుంటే క్వేక్ అతని కళ్లను దాచుకుంది. ఈ పద్ధతిలో ఆట దారి తప్పే భయం లేదు, ఎందుకంటే తిరిగి లెక్కగట్టేదేమీ లేదు. ఆ కారణంగానే టైమ్‌డెమో కొలిచేది బొమ్మ గీసే వేగాన్నే. రాక్షసుల బుర్రకు ఎంత సమయం పట్టింది, ఢీకొనే లెక్కలకు ఎంత పట్టింది అన్నది అందులో లేదు. గ్రాఫిక్స్ కార్డు కొనబోయేవారికి ఇది చాలు. అందుకే 1999 నాటి క్వేక్ 3 అరీనా టైమ్‌డెమో ఏళ్ల తరబడి గ్రాఫిక్స్ కార్డుల సమీక్షలకు తూకంరాయి అయింది. ఆట లోపలి లెక్కల వేగం తెలుసుకోవాలనుకునేవారికి అదే డెమో ఏమీ చెప్పదు.

లోపలి లెక్కల విషయంలో చెక్ రిపబ్లిక్‌లో తయారైన ఫ్యాక్టోరియో మంచి ఉదాహరణ. ఫ్యాక్టరీలు కట్టుకుంటూ పోయే ఆట ఇది. ప్రపంచం సెకనుకు 60 సార్లు ముందుకు జరుగుతుంది. దానికి బెంచ్‌మార్క్ అనే కమాండ్ ఉంది. దాచుకున్న ఒక ఆటను, 1000 వంటి ఒక అంకెను ఇస్తే తెర మీద ఏమీ గీయకుండా అన్ని టిక్‌లు నడిపి, ఒక్కోదానికి సగటున ఎంత పట్టిందో, అతి తక్కువ ఎంతో, అతి ఎక్కువ ఎంతో చెప్పి ఆగిపోతుంది. ఈ సౌకర్యం వెనుక ఉన్న అసలు పెట్టుబడి వేరు. పలువురు కలిసి ఆడేటప్పుడు లక్షల వస్తువుల స్థితిని నెట్‌వర్క్ మీద పంపడం కుదరదు కాబట్టి, ప్రతి కంప్యూటరూ అదే ప్రపంచాన్ని విడివిడిగా, అచ్చంగా ఒకేలా లెక్కగట్టాలి. ఒక్క చోట తేడా వచ్చినా ఆట విడిపోతుంది. బెంచ్‌మార్కు కోసమే అయితే ఇంత క్రమశిక్షణ ఏ సంస్థా పాటించదు. కలిసి ఆడటం కోసం పాటించారు, బెంచ్‌మార్కుకు అది అయాచితంగా దక్కింది.

పెద్ద బడ్జెట్ ఆటల్లో చాలావాటికి ఈ భాగ్యం లేదు. పనిని ప్రాసెసర్‌లోని పలు కోర్లకు పంచుతారు, ఏది ముందు పూర్తవుతుందో చెప్పలేం. గాలికి ఊగే చెట్ల దగ్గర నుంచి వీధిలో నడిచే జనం దాకా ఫ్రేముకు ఫ్రేముకు మధ్య ఎంత కాలం గడిచిందో చూసుకుని కదులుతారు. యంత్రం వేగం మారితే కదలికా కొద్దిగా మారుతుంది. అందుకని కెమెరాను ముందే వేసిన పట్టాల మీద తిప్పి చూపించే బెంచ్‌మార్కును ఆటలోనే పెడతారు. 2018 నాటి షాడో ఆఫ్ ద టూంబ్ రైడర్‌లో ఇది మొదటి నుంచీ ఉంది. సైబర్‌పంక్ 2077కు 2022లో వచ్చిన 1.5 ప్యాచ్‌తో చేరింది. సివిలైజేషన్ 6లో ఒక బెంచ్‌మార్కు ఫ్రేములను పక్కనబెట్టి కంప్యూటర్ ప్రత్యర్థులు తమ వంతు ముగించడానికి ఎంత సేపు తీసుకున్నారో కొలుస్తుంది. ఆ ఆటలో మనిషి విసిగిపోయేది అక్కడే కాబట్టి ఇది తెలివైన ఎంపిక. కెమెరా పట్టాలతో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, ఏ ఊరి మీదుగా పోవాలో నిర్ణయించేది ఆట తయారీదారే. బాల్డర్స్ గేట్ 3లో బెంచ్‌మార్కే లేదు, మూడో అంకంలోని నగరం ప్రాసెసర్‌ను నలిపేస్తుంది. సమీక్షకులు ఆ వీధుల్లో పాత్రను చేత్తో నడిపించి కొలవాల్సి వచ్చింది. అలా కొలిచిన అంకె కాస్త అటూ ఇటూ అయినా, కొనేవారికి పనికొచ్చేది అదే.

స్క్రిప్టు చేసే పనిని కాస్త దగ్గరగా చూద్దాం. కెనడాలోని లైనస్ టెక్ టిప్స్ అనే యూట్యూబ్ చానెల్ వారి ల్యాబ్స్ విభాగం మార్క్‌బెంచ్ అనే ఏర్పాటు కోసం పైథాన్‌లో రాసిన పరీక్షలను బహిరంగంగా పెట్టింది. ఒక్కో ఆటకు ఒక్కో స్క్రిప్టు. ఆటను స్టీమ్ అనే ఆటల దుకాణం యాప్ ద్వారా తెరవడం సులువే. ఆ తర్వాత లోగోలు వస్తాయి. వాటిలో కొన్ని మీట నొక్కితే పోతాయి, కొన్ని పోవు. తర్వాత మెనూ వస్తుంది. మెనూ వచ్చిందని స్క్రిప్టుకు ఎలా తెలియాలి? ఇరవై సెకన్లు ఆగమంటే, పాత హార్డ్‌డిస్కు ఉన్న యంత్రంలో అది చాలదు. అందుకని తెరను ఫొటో తీసి, అక్షరాలను గుర్తించే ప్రోగ్రాముకు ఇచ్చి, ఆప్షన్స్ అన్న మాట కనిపించేదాకా మళ్లీ మళ్లీ అడుగుతుంది. కనిపించాక బాణం మీటలు కిందికి ఇన్నిసార్లు, ఎంటర్ ఒకసారి. బెంచ్‌మార్కు ముగిసిందని తెలుసుకోవడానికీ అదే ఉపాయం: ఫలితాల తెర మీది మాట కోసం ఎదురుచూడటం. ఇదంతా సవ్యంగా నడుస్తున్న వారంలోనే ఆటకు కొత్త ప్యాచ్ వస్తుంది. మెనూలో దుకాణం బటన్ ఒకటి పైన చేరుతుంది. కిందికి మూడుసార్లు నొక్కితే సెట్టింగులు రావాల్సిన చోట నిష్క్రమించు అన్న ప్రశ్న వస్తుంది, స్క్రిప్టు మర్యాదగా ఎంటర్ నొక్కుతుంది.

ఆట తయారీదారే పక్కవాకిలి ఒకటి పెడితే ఇంత అవస్థ ఉండదు. లైనక్స్ మీద 2008 నుంచి ఉన్న ఫొరానిక్స్ టెస్ట్ సూట్ అనే బెంచ్‌మార్కుల ప్రోగ్రాము కమాండ్ లైన్ నుంచి నడిచే ఆటలను ఇష్టపడేది అందుకే. ఆండ్రాయిడ్‌లో యాప్‌లను పరీక్షించే గూగుల్ ఫైర్‌బేస్ టెస్ట్ ల్యాబ్ గేమ్ లూప్ అనే ఒప్పందం పెట్టింది: ఒక నిర్దిష్ట సంకేతంతో ఆటను తెరిస్తే, తనను తాను ఆడుకుని, ఫలితం రాసి, మూసుకుపోవాలి. డూమ్ చేసిన పనే, ఎర్రర్ సందేశం లేకుండా.

ఇక ఏది కొలవాలి? సగటు ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకు వచ్చే ఫ్రేముల సగటు, చాలాకాలం రాజ్యమేలింది. ఒక సెకనులో 59 ఫ్రేములు పది మిల్లీసెకన్ల చొప్పున వచ్చి, ఒక్క ఫ్రేము 400 మిల్లీసెకన్లు తీసుకుందనుకుందాం. మొత్తం 990 మిల్లీసెకన్లు, 60 ఫ్రేములు. సగటు 60కి పైనే. ఆడే మనిషికి మాత్రం దాదాపు అర సెకను బొమ్మ బిగుసుకుపోయింది. 2011లో సమీక్షకుడు స్కాట్ వాసన్ ద టెక్ రిపోర్ట్ వెబ్‌సైట్‌లో సెకను లోపలికి చూడాలంటూ ప్రతి ఫ్రేముకు పట్టిన సమయాన్ని గ్రాఫుగా గీసి చూపించాక సమీక్షల పద్ధతి మారింది. ఇప్పుడు విండోస్‌లో ప్రెజెంట్‌మాన్ వంటి ప్రోగ్రాములు ఒక్కో ఫ్రేముకు ఒక్కో వరుస చొప్పున ఫైలు రాసి ఇస్తాయి, లైనక్స్‌లో మాంగోహడ్ ఉంది. ఆటోమేషన్ చేసేవారు నేర్చుకోవాల్సిన మొదటి పాఠం, సగటు వేసి మిగతా ఫైలును పారేయకపోవడం.

సగటును నమ్మకూడదని తెలిశాక అతి నిదానమైన ఒక శాతం ఫ్రేముల వేగాన్ని చెప్పే ఒక శాతం కనిష్ఠం అనే అంకె వాడుకలోకి వచ్చింది. దాన్నీ కళ్లు మూసుకుని నమ్మకూడదు. 3600 ఫ్రేముల పరుగులో అతి నిదానమైన 36 ఫ్రేములు తీసుకుందాం. 35 ఫ్రేములు ఇరవై మిల్లీసెకన్లవి, ఒకటి 400ది. హద్దులో నిలిచిన ఫ్రేమునే లెక్కలోకి తీసుకునే పద్ధతిలో ఫలితం ఇరవై మిల్లీసెకన్లు, అంటే 50 ఎఫ్‌పీఎస్. ఆ 36 ఫ్రేముల సగటు తీసే పద్ధతిలో దాదాపు 33. రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తారు. ఒక సమీక్షలోని అంకెను ఇంకో సమీక్షలోని అంకె పక్కన పెట్టి వాదులాడుకునేవారు ముందు ఈ సంగతి తేల్చుకుంటే సగం గొడవలు ఆగిపోతాయి.

హెచ్చుతగ్గులను అదుపు చేయడం మీద మొండిగా కూర్చోవాల్సిన పని చాలా ఉంది. చల్లగా ఉన్న గ్రాఫిక్స్ చిప్ మొదటి నిమిషంలో వేగంగా పరుగెత్తి, వేడెక్కాక సర్దుకుంటుంది. పొద్దున పాత వెర్షన్‌ను ఐదుసార్లు, మధ్యాహ్నం కొత్త వెర్షన్‌ను ఐదుసార్లు నడిపితే కొలిచింది వెర్షన్ల తేడానో గది వేడినో చెప్పలేం. పాతది, కొత్తది, మళ్లీ పాతది, మళ్లీ కొత్తది అని మార్చి మార్చి నడపడం మేలు. ఫోన్లలో ఈ బాధ మరీ ఎక్కువ. లోపల ఫ్యాను లేని యంత్రం పది నిమిషాల తర్వాత ఎలా ఉంటుందో మొదటి నిమిషం చెప్పదు. ఏసీ గదిలో పుట్టిన అంకెకూ మే నెలలో విజయవాడలో బస్సులో ఆడుకునేవాడి అనుభవానికీ చుట్టరికం తక్కువ.

మొదటి పరుగును పారేయడం ఇంకో అలవాటు. కారణం సబబైనదే: మొదటిసారి ఆట షేడర్లను, అంటే గ్రాఫిక్స్ చిప్ కోసం రాసిన చిన్న ప్రోగ్రాములను, అప్పటికప్పుడు తర్జుమా చేసుకుంటుంది. రెండోసారికి అవి నిల్వలో ఉంటాయి, పరుగు నున్నగా సాగుతుంది. అంకెలు నిలకడగా రావాలంటే రెండోదీ మూడోదీ తీసుకోవాలి. అయితే డబ్బు పెట్టి కొన్న మనిషి ఆడేది మొదటి పరుగునే. ఇటీవలి ఏళ్లలో ఎన్నో పీసీ ఆటలకు చెడ్డపేరు తెచ్చిన కుదుపులు ఈ తర్జుమా దగ్గర పుట్టినవే. వాటిని పరీక్షే జాగ్రత్తగా ఏరి పారేస్తోంది. షేడర్ల నిల్వను తుడిచేసి, మొదటి పరుగును విడిగా కొలిచి, విడిగా చూపించడమే దీనికి సరైన పద్ధతి. నిలకడ కోసం నిజాన్ని వదులుకున్న చోటల్లా ఆ మాట ఫలితం పక్కనే రాసి ఉండాలి.

ఆట తయారయ్యే స్టూడియోల్లో ఈ పరీక్షలు రోజూ రాత్రి నడుస్తాయి. ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అయిన అన్‌రియల్ ఇంజిన్‌లో దీనికోసం గాంట్లెట్ అనే ఏర్పాటు ఉంది. అక్కడి శత్రువు పెద్ద తప్పు కాదు. ఫ్రేముకు పది మిల్లీసెకన్లు పెంచిన మార్పును మర్నాడే ఎవరైనా పట్టుకుంటారు. చాప కింద నీరులా వచ్చే అర శాతమే ప్రమాదం. కొలతలో సహజమైన ఊగిసలాట రెండు శాతం ఉంటే హెచ్చరిక గీత అంతకన్నా పైనే గీస్తారు, అర శాతం మార్పు దాని కిందనుంచి నిశ్శబ్దంగా దూరిపోతుంది. అలాంటివి ఇరవై చేరితే ఆట పది శాతం నిదానిస్తుంది, హెచ్చరిక మాత్రం ఒక్కసారీ మోగదు. నిన్నటితో మాత్రమే పోల్చే పరీక్షకు ఇది ఎప్పటికీ కనబడదు. మూడు నెలల కిందటి వెర్షన్‌ను పక్కన ఉంచుకుని, దాన్నీ ఈ రాత్రే, ఇదే యంత్రం మీద నడిపి పోల్చాలి. తేడా తేలాక దోషిని వెతకడం సులువు: వెయ్యి మార్పులున్నా ప్రతిసారీ సగానికి కోస్తూ పోతే పది పరుగుల్లో దొరుకుతుంది. ఒక్కో పరుగూ నమ్మదగినదైతేనే సుమా. ఒక్క చోట తప్పు సగం వైపు తిరిగితే మిగిలిన అన్వేషణంతా అమాయకుడి ఇంటి ముందు ముగుస్తుంది.

ఇంత శ్రమపడి ప్రతిసారీ ఒకేలా జరిగే ఆటను సిద్ధం చేశాక ఇంకో ఆసామి దాన్ని గుర్తుపడతాడు. తనిఖీ అధికారి వచ్చే రోజున హాస్టల్లో పప్పు చిక్కబడినట్టు, బెంచ్‌మార్కు వచ్చిందని తెలిస్తే గ్రాఫిక్స్ కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, ప్రవర్తన మార్చుకుంటుంది. 2001లో ఏటీఐ సంస్థ తయారుచేసిన రేడియాన్ 8500 గ్రాఫిక్స్ కార్డు క్వేక్ 3లో మంచి అంకెలు ఇచ్చింది. హార్డ్‌ఓసీపీ అనే సమీక్షల వెబ్‌సైట్ ఆట ఫైలులో క్వేక్ అన్న పేరును క్వాక్ అని మార్చి నడిపింది. వేగం తగ్గింది, గోడల మీది బొమ్మలు తేటబడ్డాయి. డ్రైవర్ ఫైలు పేరు చూసి నాణ్యత తగ్గించుకుంటోందన్నమాట. 2003లో 3డీమార్క్03 అనే గ్రాఫిక్స్ బెంచ్‌మార్కు తయారుచేసిన ఫ్యూచర్‌మార్క్, గ్రాఫిక్స్ చిప్‌ల సంస్థ ఎన్విడియా డ్రైవర్లు బెంచ్‌మార్కు కెమెరా నడిచే పట్టాలను ముందే ఎరిగి, కెమెరాకు కనబడని భాగాలను గీయకుండా వదిలేస్తున్నాయని ప్రకటించింది. కెమెరాను పట్టాల మీంచి పక్కకు దించి చూసినప్పుడు గుట్టు బయటపడింది. గుర్తింపును అడ్డుకునే ప్యాచ్ వేశాక ఎన్విడియా జీఫోర్స్ ఎఫ్‌ఎక్స్ 5900 అల్ట్రా కార్డు స్కోరు 24.1 శాతం పడిపోయింది. కొద్ది రోజులకే రెండు సంస్థలూ కలిసి దాన్ని మోసం అనకూడదని ఒక ప్రకటన ఇచ్చాయి. చదివినవారు చదువుకున్నారు.

2022లో అదే కథ ఫోన్లలో తలకిందులుగా జరిగింది. శామ్‌సంగ్ గెలాక్సీ ఫోన్లలోని గేమ్ ఆప్టిమైజింగ్ సర్వీస్ ఆటల వేగాన్ని తగ్గిస్తూ, బెంచ్‌మార్క్ యాప్‌లను మాత్రం వదిలేస్తోందని తేలింది. గీక్‌బెంచ్ అనే బెంచ్‌మార్క్ యాప్‌కు గెన్షిన్ ఇంపాక్ట్ అనే ఆట పేరు తగిలించి నడిపితే స్కోరు పడిపోయింది. గీక్‌బెంచ్ తన జాబితా నుంచి గెలాక్సీ ఎస్10 మొదలుకుని ఎస్22 వరకు పలు ఫోన్లను తొలగించింది. ఇరవై ఏళ్ల తేడాతో పట్టుబడిన తీరు మాత్రం ఒకటే: పేరు మార్చి చూడటం.

అందుకే పేరు మార్చిన పరుగును కూడా రాత్రి పరీక్షల్లో ఒకటిగా చేర్చడం తెలివైన పని, ఖర్చూ తక్కువే. కెమెరా పట్టాలను ఎరిగిన డ్రైవర్ మీద అదొక్కటే చాలదు. 2003 గొడవ తర్వాత కొందరు సమీక్షకులు తమ డెమోలు తామే రికార్డు చేసుకుని, వాటిని బయటికి ఇవ్వకుండా వాడారు. డ్రైవర్ రాసేవారికి ఆ దారి తెలియదు కాబట్టి ముందే సిద్ధపడలేరు. అలా వచ్చిన అంకెను ఇంకొకరు తమ యంత్రంలో రాబట్టి సరిచూసుకోవడమూ కుదరదు. డూమ్ డెమో3 మాత్రం ఊరూరా ఉచితంగా పంచిన ప్రతి షేర్‌వేర్ (ఆట మొదటి భాగం) డిస్కులోనూ ఉంది.